గుండె ఆపరేషన్ అయిన పిల్లలకు ఆటలో ఛాతీ నొప్పి వస్తే

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చోళపురం నేత దంపతులు చేసిన ప్రసంగ పాఠం)



మేము రాజపాళయం దగ్గర చోళపురం వాళ్ళం. మరమగ్గం మీద బ్యాండేజి గుడ్డ నేస్తాం. ఛత్రపట్టి, సముసిగాపురం, మన చుట్టుపట్ల ఊళ్ళలో నేసిన గాజ్ గుడ్డ, బ్యాండేజి ఎక్కడెక్కడి ఆసుపత్రులకో పోతున్నాయి. అది మీకు మేము చెప్పనక్కరలేదు. వేదిక ఎక్కి మాట్లాడే అలవాటు మాకు లేదు. "మీ పాప సంగతి మీరే చెప్పండి, నలుగురికీ పనికొస్తుంది" అని కార్యదర్శిగారు అడిగితే ఒప్పుకున్నాం. రెండేళ్ళ కిందట అడిగి ఉంటే ఒప్పుకొనేవాళ్ళం కాదు. ఎందుకంటే, 12 ఏళ్ళపాటు మేము ఊరంతటికీ దాచిపెట్టిన సంగతే అది.

మా పాప పుట్టిన రెండో రోజే పెదవులు, గోళ్ళు నీలంగా మారాయి. పెద్దాసుపత్రికి తీసుకుపోతే, గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద రక్తనాళాలు ఒకదాని చోట ఒకటి ఉన్నాయన్నారు. ఊపిరితిత్తులకు పోవలసిన చెడు రక్తం తిరిగి ఒంటికే పోతోంది. ఒంటికి పోవలసిన మంచి రక్తం తిరిగి ఊపిరితిత్తులకే పోతోంది. వైద్యం చేయకపోతే ఇలాంటి పిల్లల్లో చాలామంది ఏడాది నిండకుండానే పోతారని చెప్పారు. 14వ రోజున ఆపరేషన్ చేశారు. రెండు పెద్ద నాళాలను కోసి, ఉండవలసిన చోట అతికారు. గుండె కండరానికే రక్తం ఇచ్చే సన్నని నాళాలు రెండుంటాయి. వాటినీ పాత చోటి నుంచి తీసి కొత్త చోట కుట్టారు. ఈ ఆపరేషన్‌ను 1975లో బ్రెజిల్ దేశంలో అడిబ్ జటెనే అనే డాక్టరు మొదటిసారి విజయవంతంగా చేశారట. ఆయన పేరు మాకు తెలిసింది చాలా కాలం తర్వాత. ఆ రోజు మాకు తెలిసిందల్లా, మా పాప పెదవులు ఎర్రబడ్డాయన్నదే.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు రెండు మాటలు చెప్పారు. ఒకటి, ప్రతి ఏడూ తీసుకొచ్చి చూపించాలి. రెండు, ఈ ఫైలు పోగొట్టుకోకూడదు. ఫైలు బీరువాలో భద్రంగా పెట్టాం. చూపించడం మాత్రం పాపకు 5 ఏళ్ళు వచ్చేదాకే సాగింది. పాప బాగా తింటోంది, ఎగురుతోంది, దుంకుతోంది. ఆసుపత్రికి పోతే ఒక రోజు మగ్గం ఆగుతుంది, ఇద్దరి కూలీ పోతుంది, బస్సు ఖర్చు వేరే. బాగున్న పిల్లను పట్టుకొని ఎందుకు తిరగడం అనుకున్నాం. ఆపరేషన్ అయిపోయింది కాబట్టి జబ్బూ అయిపోయింది అనుకున్నాం. అది మా మొదటి తప్పు.

రెండో తప్పు, దాచడం. మా అత్తగారు మంచి మనిషే. ఆవిడ భయం ఆవిడది. "ఆడపిల్ల. గుండె ఆపరేషన్ అని నలుగురికీ తెలిస్తే రేపు సంబంధం ఎవరు అడుగుతారు?" అనేది. మాకూ నిజమే అనిపించింది. పాపకు గొంతు దాకా మూసిన చొక్కాలే కుట్టించాం. గాటు ఎవరైనా చూసి అడిగితే, చిన్నప్పుడు వేడినీళ్ళు పడ్డాయని చెప్పమన్నాం. బడికి వచ్చే డాక్టర్ల బృందానికి కూడా చెప్పనివ్వలేదు. 2013 నుంచి కేంద్ర ప్రభుత్వ పథకం కింద అంగన్‌వాడీలకు, బడులకు వచ్చి 18 ఏళ్ళ లోపు పిల్లలను చూసే బృందాలు అవి. పుట్టుకతో వచ్చిన లోపాలను పట్టుకోవడానికే వాళ్ళు వస్తారు. వాళ్ళ దగ్గరే మేము లోపం దాచాం. ఆరో తరగతిలో చేర్చేటప్పుడు బడి ఫారంలో, పిల్లకు ఏదైనా జబ్బు గాని ఆపరేషన్ గాని ఉందా అని అడిగారు. "లేదు" అని రాశాం. రాసింది ఒక్క ముక్కే.

పాపకు పరుగంటే ప్రాణం. ఖోఖో జట్టులోకి తీసుకున్నారు. ఒక సాయంత్రం మగ్గం షెడ్డులోకి వచ్చి ఏదో చెప్పింది. మగ్గాల చప్పుడులో మాకు వినపడలేదు. సరే సరే అని తల ఊపాం. ఆ రోజు పాప చెప్పింది ఇది: "పరిగెత్తితే ఇక్కడ పట్టేస్తోంది. కూర్చుంటే పోతోంది." ఇంకోసారి చెప్పినప్పుడు విన్నాం. గ్యాస్ అనుకొని ఓమం నీళ్ళు ఇచ్చాం. మూడోసారి బయటి తిండి మీద పెట్టాం. తర్వాత పాప చెప్పడం మానేసింది. ఆటలో తనే పక్కకు వెళ్ళి కూర్చునేది. బద్ధకం అనుకొని జట్టులో పిల్లలు ఎగతాళి చేశారు. ఎగతాళి పడలేక ఒక రోజు ఆపకుండా పరిగెత్తింది. గ్రౌండులోనే ముఖం తెల్లబడి పడిపోయింది.

కొద్ది క్షణాల్లో లేచింది. అది మా అదృష్టం. పి.టి. టీచర్ గారు వెంటనే ఆసుపత్రికి తీసుకుపోయారు. ఈసీజీ తీయడానికి నర్సమ్మ చొక్కా బొత్తాలు తీస్తే, గొంతు కింద నుంచి నిలువు గాటు. డాక్టరుగారు టీచర్ గారిని అడిగారు. టీచర్ గారికి ఏం తెలుసు? మేము వెళ్ళేసరికి ఆవిడ వరండాలో నిలబడి ఉంది. మమ్మల్ని తిట్టలేదు. ఒక్క మాట అన్నది: "నాకు చెప్పి ఉంటే మొదటి రోజే ఆపేదాన్ని." ఆ మాట ఇప్పటికీ మాకు నిద్రలో వినపడుతుంది.

తర్వాత జరిగింది చెప్తాం, ఎందుకంటే ఇందులో అందరికీ పనికొచ్చే సంగతి ఉంది. పడుకోబెట్టి తీసిన ఈసీజీలో పెద్ద తేడా కనపడలేదు. గుండె స్కాన్‌లో గుండె బాగానే కొట్టుకుంటోంది. అప్పుడే "ఏమీ లేదు" అని ఇంటికి పంపేస్తే మేము సంతోషంగా వచ్చేసేవాళ్ళం. ఆ డాక్టరుగారు పంపలేదు. "నొప్పి పరుగులో వస్తే, పరుగులోనే చూడాలి" అన్నారు. పిల్లల గుండె డాక్టర్లు ఉన్న పెద్దాసుపత్రికి రాశారు. అక్కడ ట్రెడ్‌మిల్ మీద నడిపించి, వేగం పెంచుతూ ఈసీజీ చూశారు. వేగం పెరిగేకొద్దీ గీతలు మారాయి. పాప నొప్పి అనగానే ఆపేశారు. తర్వాత సి.టి. స్కాన్ తీస్తే, పసితనంలో కొత్త చోట కుట్టిన సన్నని నాళాల్లో ఎడమదాని నోరు ఇరుకైపోయింది.

డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. గుండె ఒళ్ళంతటికీ రక్తం పంపుతుంది. తన కండరానికి కావలసిన రక్తం మాత్రం ఆ సన్నని నాళాల నుంచే తీసుకుంటుంది. అది కూడా ఎక్కువగా, ఒకసారి కొట్టుకోవడానికీ మళ్ళీ కొట్టుకోవడానికీ మధ్య ఉన్న విరామంలోనే. కూర్చున్నప్పుడు ఆ విరామం చాలు. పరిగెత్తినప్పుడు గుండె వేగం పెరిగి విరామం తగ్గిపోతుంది. అవసరం మాత్రం పెరుగుతుంది. నాళం నోరు ఇరుకుగా ఉంటే ఆ రక్తం చాలదు. అందుకే ఇంట్లో నొప్పి లేదు, ఆటలో నొప్పి వచ్చింది.

పాపకు 12వ ఏట రెండో ఆపరేషన్ జరిగింది. ఆ ఇరుకైన నోటిని కోసి, ప్యాచ్ వేసి వెడల్పు చేశారు. ఐ.సి.యు.లో మొదటిసారి చూడనిచ్చినప్పుడు పాప ఛాతీ మీద తెల్లని గాజ్ గుడ్డ ఉంది. మన చేతులకు తెలిసిన గుడ్డే. ఏ ఊళ్ళో నేశారో తెలియదు. ఇన్నేళ్ళు మీటర్ల లెక్కన చూసిన గుడ్డ ఎవరి ఒంటి మీదికి పోతుందో ఆ రోజు చూశాం.

ఇక మేము డాక్టర్ల దగ్గర నేర్చుకున్నది చెప్తాం. మేము డాక్టర్లం కాం. ఇది వైద్యం కాదు, జాగ్రత్త.

పుట్టే ప్రతి 100 మంది పిల్లల్లో సుమారు ఒకరికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. ఇంతమంది కూర్చున్న ఈ సభలో మా ఇల్లు ఒక్కటే కాదు. గుండె గదుల మధ్య రంధ్రం మూయించుకున్న పిల్లలుంటారు. నీలం పిల్లలుగా పుట్టి, టెట్రాలజీ ఆఫ్ ఫాలో అనే లోపానికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళుంటారు. కవాటం ఇరుకు తీయించుకున్నవాళ్ళుంటారు.

మామూలు పిల్లలకు ఛాతీ నొప్పి వస్తే, చాలాసార్లు అది గుండెది కాదు. పక్కటెముకల దగ్గర వాపు, కండరం పట్టేయడం, దగ్గు, పుల్లని త్రేన్పులు, భయం, ఇవే ఎక్కువ. మన ఇళ్ళల్లో ఇంకొకటి ఉంది. షెడ్డు పక్కనే కాపురం, గాలిలో దూది ధూళి. ఉబ్బసం ఉన్న పిల్లలకు పరిగెత్తినప్పుడు ఛాతీ బిగుసుకుపోతుంది. ఆపరేషన్ అయిన పిల్లలకు కూడా ఇవన్నీ రావచ్చు. వాళ్ళ నొప్పి కూడా చాలాసార్లు ఇలాంటిదే అవుతుంది. అందుకని భయపడి చావనక్కరలేదు. కాని అది గుండెదా కాదా అని తేల్చవలసింది మనం కాదు, ఓమం నీళ్ళు కాదు. ఆపరేషన్ అయిన బిడ్డ ఆటలో ఛాతీ నొప్పి అంటే, డాక్టరు చూసి సరే అనేదాకా ఆట ఆపాలి. ఒక్కసారి వచ్చినా సరే.

మరీ తొందరపడవలసిన గుర్తులు కొన్ని ఉన్నాయి. పరుగు మధ్యలోనే నొప్పి రావడం, కూర్చుంటే పోవడం. నొప్పితోబాటు కళ్ళు తిరగడం, సొమ్మసిల్లడం. గుండె దడదడ కొట్టుకోవడం, లయ తప్పినట్టు అనిపించడం. ముఖం తెల్లబడటం, పెదవులు నీలం కావడం, చల్లని చెమట. నొప్పి చేతికి గాని దవడకు గాని పాకడం. నిన్నటిదాకా పరిగెత్తిన దూరం ఇవాళ పరిగెత్తలేకపోవడం. కొందరు పిల్లలకు నొప్పి తెలియదు, ఆయాసమో కళ్ళు తిరగడమో మాత్రమే ఉంటుంది. మా పాపలాగా నోరు విప్పి చెప్పకుండా ఆటలోంచి తప్పుకునే పిల్లలుంటారు. బద్ధకం అనకముందు ఒక మాట అడగండి.

ఏ ఆపరేషన్ అయిందన్నదాన్ని బట్టి కూడా జాగ్రత్త మారుతుంది. మా పాపలాగా నాళాలు మార్చి కుట్టినవాళ్ళకు ఆ కుట్టిన చోటు చూడాలి. ఫాలో ఆపరేషన్ అయినవాళ్ళకు ఏళ్ళు గడిచాక ఊపిరితిత్తుల వైపు కవాటం కారి, గుండె కుడి గది పెద్దదై, లయ తప్పవచ్చు. బృహద్ధమని కవాటం ఇరుకు తీసినవాళ్ళకు మళ్ళీ ఇరుకు రావచ్చు. చిన్న రంధ్రం పూర్తిగా మూసుకుపోయి, వేరే ఇబ్బంది లేని పిల్లలు చాలావరకు అందరిలాగే ఆడుకుంటారు. ఇవన్నీ ఏటేటా చూపిస్తేనే తెలుస్తాయి. ఈసీజీ, గుండె స్కాన్ మొదట. అవసరమైతే ట్రెడ్‌మిల్, ఒక రోజంతా ఒంటికి కట్టే ఈసీజీ, సి.టి. లేదా ఎం.ఆర్.ఐ. "నొప్పి పరుగులోనే వస్తోంది, చిన్నప్పుడు ఈ ఆపరేషన్ అయింది" అని రెండు మాటలూ కలిపి డాక్టరుకు చెప్పండి. రెండో మాట దాస్తే మొదటి మాటకు అర్థం మారిపోతుంది.

ఆటలో పిల్ల పడిపోతే ఏం చేయాలి? నొప్పి అంటే వెంటనే ఆపి కూర్చోబెట్టాలి. నొప్పి తగ్గకపోయినా, సొమ్మసిల్లినా 108కి ఫోన్ చేయాలి. పిలిస్తే పలకకుండా, సరిగా ఊపిరి తీసుకోకుండా ఉంటే, ఛాతీ మధ్య ఎముక కింది సగం మీద అరచేయి పెట్టి గట్టిగా, వేగంగా నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పిల్లలకు సుమారు 5 సెంటీమీటర్ల లోతు. అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. ఆపరేషన్ గాటు ఉంది కదా, నొక్కితే ఏమవుతుందో అని వెనకాడకూడదు. నొక్కకపోతేనే ప్రమాదం. ఇది మాటలతో వచ్చే పని కాదు. వచ్చే ఏడాది ఈ సభలో పాటల పోటీతోబాటు, బొమ్మ మీద చేయించి నేర్పే అరపూట శిక్షణ కూడా పెట్టమని సమాఖ్య పెద్దలను కోరుతున్నాం.

డబ్బు సంగతి. మన రాష్ట్రంలో ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం కింద పిల్లల గుండె ఆపరేషన్లు జరుగుతున్నాయి. కార్డు లేనివాళ్ళు పిల్ల పడిపోయేదాకా ఆగకుండా ఇప్పుడే తీసుకోండి. మనకు దగ్గరలో మదురై ప్రభుత్వ రాజాజీ ఆసుపత్రి ఉంది. తిరుపతికి పోయే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. అక్కడ 2021లో తిరుమల తిరుపతి దేవస్థానం పిల్లల గుండె జబ్బులకని శ్రీ పద్మావతి హృదయాలయం తెరిచింది. పుట్టపర్తిలో 1991 నుంచి నడుస్తున్న సత్యసాయి ఆసుపత్రిలో గుండె ఆపరేషన్లకు డబ్బు తీసుకోరు. దారులు ఉన్నాయి. దారి అడగాలంటే ముందు నోరు విప్పి జబ్బు పేరు చెప్పాలి.

ఇంకొక తప్పు మేము చేయబోయాం, అదీ చెప్తాం. రెండో ఆపరేషన్ తర్వాత, ఇక జన్మలో పరుగు వద్దు, ఇంట్లో కూర్చో అన్నాం. డాక్టరుగారు ఒప్పుకోలేదు. కదలకుండా పెంచితే ఒళ్ళు బరువెక్కుతుంది, గుండెకు అది మంచిది కాదు, పిల్ల మనసూ పాడవుతుంది అన్నారు. షాన్ వైట్ అనే అమెరికా ఆటగాడి సంగతి పాపకు చెప్పారు. ఫాలో లోపంతో పుట్టి, పసితనంలోనే గుండె ఆపరేషన్లు చేయించుకొని, మంచు మీద పలకపై జారే ఆటలో 2006లో, 2010లో, 2018లో ఒలింపిక్ బంగారు పతకాలు గెలిచాడు. అందరూ షాన్ వైట్లు అవుతారని కాదు. ఏ పిల్ల ఎంత ఆడవచ్చో పరీక్ష చేసి డాక్టరు చెప్పాలి, మన భయం కాదు. ఆరు నెలల తర్వాత మళ్ళీ ట్రెడ్‌మిల్ పరీక్ష చేసి, ఏ ఆట ఆడవచ్చో, ఎప్పుడు ఆపాలో కాగితం మీద రాసి ఇచ్చారు. పాపకు ఇప్పుడు 14 ఏళ్ళు. పోటీ పరుగుకు అనుమతి లేదు. ఆ రోజు చాలా ఏడ్చింది. తోటివాళ్ళతో త్రోబాల్ ఆడుతుంది, అలసట వస్తే తనే చెయ్యెత్తి బయటికి వస్తుంది. ఎవరూ ఎగతాళి చేయరు. ఎందుకంటే అందరికీ తెలుసు.

అందరికీ ఎలా తెలుసంటే, పాపే చెప్పింది. బడికి తిరిగి వెళ్ళిన రోజు టీచర్ గారి పక్కన నిలబడి, నాకు గుండె ఆపరేషన్ అయింది, నేను పడిపోతే 108కి ఫోన్ చేయండి అని తరగతిలో చెప్పిందట. మేము 12 ఏళ్ళు చెప్పలేని మాట అది. మా అత్తగారు ఆ సంగతి విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అది తెలిసి అడిగేవాడే అడుగుతాడులే" అన్నది.

మగ్గం మీద ఒక్క పోగు తెగితే మనం ఏం చేస్తాం? మగ్గం ఆపుతాం, తెగిన పోగు వెతుకుతాం, ముడి వేస్తాం, మళ్ళీ నడుపుతాం. తెగిన పోగు కనపడలేదని నటించి నేసుకుంటూ పోతే గుడ్డంతా పాడవుతుంది. ఈ బుద్ధి మనకు షెడ్డులో ఉంది, ఇంట్లోకి తెచ్చుకోవాలి. అంతే.

మీ ఇంట్లో ఆపరేషన్ అయిన బిడ్డ ఉంటే, ఆడపిల్ల గాని మగపిల్లవాడు గాని, ఈ వారంలో మూడు పనులు చేయండి. ఫైలు తీసి, ఆపరేషన్ పేరు, తేదీ ఉన్న కాగితం ఫోటో ఫోన్‌లో పెట్టుకోండి. బడికి వెళ్ళి హెడ్మాస్టరుకు, పి.టి. టీచరుకు ఆ కాగితం నకలు ఇవ్వండి. చివరిసారి ఎప్పుడు చూపించారో లెక్క వేసి, ఏడాది దాటితే ఒక రోజు మగ్గం ఆపి తీసుకుపోండి. పిల్ల షెడ్డులోకి వచ్చి ఏదో చెప్తే, చప్పుడులో తల ఊపకండి. బయటికి వచ్చి వినండి.